ఎక్స్‌రే బొమ్మకూ తాళం

వెనుకట ఎక్స్‌రే తీస్తే ఫిల్మ్ చేతికిచ్చేవారు. దాన్ని పెద్ద కవరులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయేవారు. ఇప్పుడు బొమ్మ కంప్యూటరులోకి ఎక్కుతుంది. నాగారంలో తీసిన స్కానింగును ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఉన్న డాక్టరు నిమిషాల్లో చూడవచ్చు. చిత్తూరు జిల్లా అరగొండ పల్లె ఆసుపత్రిని 2000లోనే ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టర్లతో కలిపారు.

ఇది మేలే. కాని బొమ్మ ఒక్కటే పోదు. దాంతోపాటు పేరు, వయసు, తేదీ కూడా పోతాయి. టీబీ అని తెలిస్తే ఇరుగుపొరుగు దూరం పెట్టవచ్చు. గర్భసంచిలో గడ్డ అని తెలిస్తే పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోవచ్చు. అందుకే బొమ్మకు తాళం కావాలి.

తాళం ఎలా వేస్తారు?

ముగ్గుకు చుక్కలు పెడతారు కదా! కంప్యూటరులో బొమ్మ కూడా చుక్కలే. ఏ చుక్క నలుపో, ఏది తెలుపో అంకెలు చెబుతాయి. పంపే ముందు కంప్యూటరు ఆ అంకెలను కలగాపులగం చేస్తుంది. దారిలో ఎవరు పట్టుకున్నా బొమ్మ కనపడదు. తాళంచెవి ఉన్న డాక్టరు కంప్యూటరే దాన్ని సరిచేసి చూపుతుంది. మధ్యలో ఎవరైనా ఒక్క చుక్క మార్చినా పసిగట్టే ఏర్పాటు కూడా ఉంది. లేని గడ్డ ఉన్నట్టు కనపడితే వైద్యమే తప్పిపోతుంది మరి!

దారిలో తాళం ఉంటే చాలా?

చాలదు. బొమ్మను దాచిన చోట కూడా కాపలా ఉండాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లలో దొంగలు చొరబడ్డారు. ఆసుపత్రి వివరాలకు వాళ్లే తాళం వేశారు. చాలా రోజులు కాగితాల మీదే పని నడిచింది.

వాట్సాప్‌లో కూడా దారి పొడవునా తాళం ఉంటుంది. కాని అవతలి ఫోన్ చేరాక బొమ్మ విప్పి ఉన్నట్టే. గ్రూపులో పెడితే అందరూ చూస్తారు. ఒకరు ఇంకొకరికి పంపితే ఆపలేము.

మనమేం చేయాలి?

రిపోర్టు డాక్టరుకు మాత్రమే పంపండి. గ్రూపుల్లో పెట్టకండి. ఆసుపత్రి పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మనుషుల సొంత వివరాల కాపుదలకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. హెచ్‌ఐవీ ఉన్నవారి సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. కాబట్టి "నా బొమ్మ ఎవరికి పంపుతున్నారు? ఎందుకు?" అని అడగండి. అది మీ హక్కు. వేలిముద్ర, సంతకం అడిగితే ముందు కాగితం చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!