ఆపరేషనుకు ముందే అడగవలసిన మాట

ఇంటిల్లిపాదీ చదివే ఈ పత్రికలో రొమ్ము గురించి రాయవచ్చా అని చాలా రోజులు తటపటాయించాను. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, ముప్పయ్యేళ్లుగా బ్యాంకులో అప్పుల కాగితాలు చూసుకుంటున్నవాణ్ణి. చివరికి మా అక్కయ్యే "రాయి, నా పేరు మాత్రం వేయకు" అంది.

2021లో అక్కయ్యకు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. రాజపాళయం నుంచి మదురై తీసుకువెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక సర్జన్‌గారు బావగారినీ నన్నూ గదిలోకి పిలిచారు. రొమ్ము తీసేయాలి, చనుమొనను నిలబెట్టడానికి వీలుంది, కావాలంటే అదే ఆపరేషనులో రొమ్మును తిరిగి అమర్చవచ్చు, ఆలోచించుకోండి అని తమిళంలో చెప్పారు. "ఈ వయసులో అవన్నీ ఎందుకండీ, ప్రాణం దక్కితే చాలు" అన్నారు బావగారు. నేనూ తల ఊపాను. అది అందం కోసం చేసే పని, బీమా డబ్బు రాదు అని నా లెక్క. అక్కయ్య బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకప్పుడు యాభై రెండేళ్లు. ఇంగ్లీషులో ఉన్న సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

ప్రాణం దక్కింది. రెండేళ్ల తరువాత ఒక పెళ్లికి బయలుదేరుతూ అక్కయ్య జాకెట్టులో గుడ్డ మడతపెట్టి సర్దుకోవడం మా ఆవిడ చూసింది. మన పక్కనున్న చత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ అది. ఆస్పత్రులకు మన ప్రాంతం నుంచే వెళ్లే గుడ్డ! ఎక్కడ జారిపోతుందోనని పెళ్లిలో ఉన్నంతసేపూ పైటను చేత్తో పట్టుకునే ఉంది. "ఆ రోజు నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అందట మా ఆవిడతో.

అది విన్న తరువాతనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్మునూ దాని కింది ఛాతీ కండరాలనూ కలిపి తీసేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమం అనే నమ్మకం చాలా దశాబ్దాలు సాగింది. 1970లలో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో వెరోనెసి ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. చిన్న గడ్డ అయితే దానిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా, బతికేవారి సంఖ్యలో తేడా లేదని ఇరవయ్యేళ్ల ఫలితాలు 2002లో తేల్చాయి.

రొమ్ము తీయక తప్పనివారిలో కొందరికి చనుమొనను నిలిపే ఆపరేషను ఉంది. పైచర్మాన్నీ, చనుమొననూ, చుట్టూ ఉండే నల్లని వలయాన్నీ ఉంచి, లోపలి గ్రంథుల భాగాన్ని తీసేస్తారు. చనుమొన వెనుక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అందులో క్యాన్సర్ ఉంటే చనుమొన కూడా పోవలసిందే. గడ్డ చనుమొనకు తగిలి ఉన్నా, చర్మానికి పాకినా ఈ పద్ధతి పనికిరాదు. నిలిచిన చనుమొనకు చాలామందిలో స్పర్శ ఉండదు. రక్తం సరిగా అందక అది చెడిపోవడమూ జరుగుతుంది; మధుమేహం ఉన్నవారికి ఆ భయం ఎక్కువ. ఖాళీ అయిన చోటును సిలికోన్ సంచితోనో, పొట్ట దగ్గరి కొవ్వూ చర్మంతోనో, వీపు కండరంతోనో నింపుతారు. ఇలా తిరిగి అమర్చినందువల్ల క్యాన్సర్ మళ్లీ వచ్చే ప్రమాదం పెరగదు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో తాను ఇలాంటి ఆపరేషనే చేయించుకున్నానని పత్రికలో రాశారు. ఆమెకు క్యాన్సర్ లేదు. వంశపారంపర్యంగా వచ్చే ముప్పు ఉందని తెలిసి ముందుజాగ్రత్తగా చేయించుకున్నారు.

మన తెలుగువారిలోనూ ఈ విషయం మీద నోరు విప్పినవారున్నారు. డాక్టర్ రఘురామ్‌గారు బ్రిటన్‌లో శిక్షణ పొంది తిరిగి వచ్చి, 2007లో హైదరాబాదు కిమ్స్‌లో రొమ్ము వ్యాధులకు ప్రత్యేక కేంద్రం నెలకొల్పి, దానికి తల్లి ఉషాలక్ష్మిగారి పేరు పెట్టారు. ఆవిడా డాక్టరే, ఆ జబ్బును ఎదుర్కొన్నావిడే. చార్మినారుకు గులాబీ రంగు దీపాలు వేయించి ఊరంతా రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడుకునేలా చేశారు. మన ఇళ్లలో గడ్డ ఉందని చెప్పడానికే నెలలు పడుతుంది. ఆలస్యమైన కొద్దీ చనుమొనను నిలిపే అవకాశం తగ్గిపోతుంది.

ఇక నా శాఖ విషయం. అక్కయ్య పాలసీ పత్రం మొదటినుంచీ నా బీరువాలోనే ఉంది. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీల్లోని మినహాయింపుల మాటలు అన్ని కంపెనీలకూ ఒకే విధంగా ఉండాలని నిర్దేశించింది. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు రాదన్నది నిజమే. కానీ ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని ఆ వాక్యంలోనే ఉంది. అమెరికాలోనైతే 1998లోనే దీనికోసం చట్టం చేశారు. రోజూ ఇతరుల దస్తావేజులు చివరి గీత దాకా చదివే నేను, సొంత అక్కయ్య పాలసీలో సగం వాక్యం చదవకుండా తల ఊపాను. పాలసీ మొత్తానికి పరిమితి ఉంటుంది, ముందస్తు అనుమతి తీసుకోవాలి, అది వేరే సంగతి.

కిందటి నెల అక్కయ్యను మరో డాక్టరుగారికి చూపించాం. పోయిన చనుమొన తిరిగి రాదు గాని, చర్మంతో ఆకారం చేసి పచ్చబొట్టుతో రంగు వేయవచ్చట. రేడియేషన్ పడిన చోట సిలికోన్ కంటే సొంత శరీరభాగమే మేలన్నారు. పొట్ట నుంచి తీస్తే వంగి ముగ్గు వేయగలనా అని అడిగింది అక్కయ్య. ఎంతకాలం పడుతుంది, మచ్చ ఎక్కడ ఉంటుంది, మళ్లీ ఎన్నిసార్లు కోయాలి అని అన్నీ తానే అడిగింది. చేయించుకుంటానని గాని, వద్దని గాని ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. నేను కారులోనే ఉంటానులే అన్నారు బావగారు. "లోపలికే రండి, నేను అడిగేవి మీరూ వినండి" అంది అక్కయ్య.