గరగరల వెనక గొంతులు

హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసి వెళ్లింది 2014 అక్టోబరు 12న. మర్నాటి సాయంత్రం మా చుట్టుపక్కల ఒక్క దీపం వెలగలేదు. కరెంటు స్తంభాలు మెలికలు తిరిగి పడున్నాయి. సెల్‌ఫోను చేతిలో ఉన్నా పలికే దిక్కు లేదు. డాబా మీద విరిగిపడ్డ కొమ్మలు పక్కకి లాగి, చాప పరిచి, బీరువా అడుగున ఎప్పుడో పెట్టేసిన చేతి రేడియో బయటికి తీశాను. సెల్లులు వేసి షార్ట్‌వేవ్‌కి మార్చాను.

మొదట సెట్టు పాడైందేమో అనుకున్నాను. ఎప్పుడూ చెవులు తినేసే ఝుమ్మనే మోత లేదు. ముల్లు వెంట్రుకవాసి కదిపితే ఒక గొంతు, మరికాస్త కదిపితే ఇంకొకటి. చైనా పాట ఒకటి, దాని పక్కనే అరబ్బీలో ఎవరిదో ప్రసంగం. బీబీసీ హిందీ వార్తలు ఎదురింటి అరుగు మీంచి చదువుతున్నంత స్పష్టంగా వచ్చాయి. అందులో విశాఖపట్నం పేరు విన్నాను. పక్క వీధిలో ఏ గోడ కూలిందో తెలియని వాణ్ని, నా ఊరి సంగతి గాల్లోంచి తెలుసుకున్నాను. కింది వాటాల వాళ్లు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి చుట్టూ కూర్చున్నారు. “ఏమంటున్నాడు బాబూ?” అని అడిగారు మామ్మగారు. తెలుగులో చెప్పాను. “అయితే మన సంగతి వాళ్ల దాకా వెళ్లిందన్నమాట” అని ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

కొన్నాళ్లకి కరెంటు వచ్చింది. దాంతోపాటే మోతా వచ్చింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, అన్నేళ్లూ నా రేడియోకి అడ్డుపడింది దూరం కాదని. మా ఇల్లే. ఫోను ఛార్జరు, ఇన్వర్టరు, టీవీ, ఎల్‌ఈడీ బల్బు లోపలి చిన్న సర్క్యూటు, అన్నీ షార్ట్‌వేవ్ మీద రొద పోస్తాయి. ఆ రొద ఆగిన రాత్రి ఆకాశం నిండా మనుషులున్నారని తెలిసింది. అప్పట్నుంచి వాళ్లని వెతుక్కుంటున్నాను.

పైన ఉన్న అద్దం

ఎఫ్ఎం అలలు తిన్నగా వెళ్లి, నేల వంపు తిరిగిన చోట మనల్ని వదిలేసి పోతాయి. షార్ట్‌వేవ్ అంటే ఇంచుమించు 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న అలలు. ఇవి పైకి వెళ్లి, ఎండకి విద్యుత్తు పట్టిన గాలిపొర, అదే ఐనోస్ఫియర్, తగిలి వంగి కిందికి దిగుతాయి. ఒక్క గెంతులో మూడు వేల కిలోమీటర్లు దాటడం వీటికి మామూలే. నేలకి తగిలి మళ్లీ లేస్తాయి. నడుమ తీగ లేదు, ఉపగ్రహం లేదు.

వీటిని చాలాకాలం ఎవరూ లెక్కచెయ్యలేదు. అమెరికాలో 1912 చట్టం 200 మీటర్ల కన్నా పొట్టి అలలను ఔత్సాహికులకు వదిలేసింది, వాటితో పెద్దగా పనేం ఉండదనే నమ్మకంతో. ఆ ఔత్సాహికులే 1923లో ఆ అలల మీద అట్లాంటిక్‌కి అటూ ఇటూ మాట్లాడుకున్నారు. మరుసటేడు ఎడ్వర్డ్ యాపిల్టన్ పైనున్న పొర ఉనికిని ప్రయోగంతో రుజువు చేశాడు. 1947లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఈ కథలో మా ఊరికీ వాటా ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు ఐనోస్ఫియర్ పరిశోధనకి పునాది వేశారు. రేడియో తరంగాన్ని నిట్టనిలువునా పైకి పంపి, అది ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలిచి, పొర ఎంత ఎత్తున ఉందో లెక్కకట్టడం అక్కడి పని. మన ఆకాశం తీరే వేరు. భూమి అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది. 1963లో తొలి రాకెట్ ప్రయోగానికి తుంబాను ఎంచుకున్నదీ అందుకే. ఆ రేఖకి దగ్గరగా ఉన్న చోట్ల పొద్దుగూకాక పై పొరలో నురగలా బుడగలు లేస్తాయి. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ. అప్పుడు చక్కగా వస్తున్న స్టేషను ఉన్నట్టుండి వణకడం మొదలెడుతుంది, తిరిగే ఫ్యాను ముందు కూర్చుని మాట్లాడినట్టు. పదేళ్ల కిందట ఇలా జరిగితే బ్యాటరీ అయిపోయిందనుకుని సెల్లులు మార్చేవాణ్ని. ఇప్పుడు ఆ వణుకు వినిపిస్తే, మూడొందల కిలోమీటర్ల ఎత్తున ఏం జరుగుతోందో చెవితో పట్టుకున్నట్టు ఒళ్లు జలదరిస్తుంది.

సూర్యుడు ఉగ్రుడైతే అదీ తెలుస్తుంది. 2024 మేలో పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు లడఖ్‌లోని హాన్లేలో ధ్రువకాంతి ఎర్రగా కనిపించింది. పెద్ద సౌరజ్వాల లేచిందంటే పగలున్న వైపు షార్ట్‌వేవ్ కొన్ని నిమిషాల్లో మూగబోతుంది. సెట్టుని తట్టి లాభం లేదు, ఊరుకోవాలంతే.

సిలోన్ ఎందుకంత గట్టిగా వచ్చేది?

మా నాన్నతరం వాళ్లకి షార్ట్‌వేవ్ అంటే రేడియో సిలోన్. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిత్రసేనల ఆగ్నేయాసియా దళాల కోసం కొలంబో దగ్గర ఏకలలో వంద కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టారు. ఆసియా అంతటా ఉన్న సైనికులకి వినబడాలని కట్టిన యంత్రం, యుద్ధం ముగిశాక సిలోన్ చేతికి వచ్చింది. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలకి దూరం జరిగింది. ఆ ఖాళీలోకి సిలోన్ పాటలతో దిగింది. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, తెలుగువాళ్లకి మీనాక్షి పొన్నుదురై గొంతు. 1957లో వివిధభారతి పుట్టడానికి ఆ పోటీ కూడా ఒక కారణమే. పాట మధ్యలో సిలోన్ మెల్లగా జారిపోయి, గుండె బరువెక్కేలోపు మళ్లీ పైకి తేలడం గుర్తున్నవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఆ జారడం, తేలడం పొర చేసిన పనే.

మనం విన్నట్టే మనల్నీ ఎవరో విన్నారు. హైదరాబాద్ ఆకాశవాణి 4800 కిలోహెర్ట్జ్ మీద 50 కిలోవాట్లతో పంపిన ప్రసారం మన పల్లెల కోసం. పిడుగుల గరగర ఎక్కువుండే ఉష్ణదేశాలకని విడిగా కేటాయించిన బ్యాండ్ అది. కానీ ఫిన్‌లాండ్ మంచులోనూ జపాన్‌లోనూ కూర్చున్న అభిరుచిదారులు చెవులు రిక్కించి ఆ స్టేషను పట్టుకుని నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. భాష తెలియని మనిషి అర్ధరాత్రి మేలుకుని మన తెలుగు మాట కోసం వెతికాడన్నది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ముచ్చటగా ఉంటుంది.

మొదలెట్టాలంటే

వినడానికి లైసెన్సు అక్కర్లేదు. అరచేతిలో పట్టే టెక్‌సన్ పీఎల్-330, కాస్త పెద్దదైన ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 లాంటి సెట్లు చాలు. పాత సోనీ 7600జీఆర్ తయారీ ఆగిపోయింది, పదిలంగా వాడిన సెట్టు దొరికితే వదలొద్దు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, ఎస్ఎస్‌బీ, అంటే సింగిల్ సైడ్‌బ్యాండ్, ఉందా లేదా అని. ఎందుకో చెబుతాను. ఉదయంపూట 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య తిప్పితే బాతులు అరిచినట్టు శబ్దాలు వస్తాయి. ఎస్ఎస్‌బీ నొక్కి, ఎల్ఎస్‌బీలో (లోయర్ సైడ్‌బ్యాండ్) పెట్టి, సన్నచక్రాన్ని ఒక్కో గాటూ తిప్పాలి. అరుపు ముద్దగా మారుతుంది. ముద్దలోంచి పలుకు విడిపోతుంది. ఉన్నట్టుండి “ఇక్కడ వాన పడుతోందండీ, మీ దగ్గరెలా ఉంది?” అని ఒక పెద్దాయన గొంతు గదిలోకి నడిచొస్తుంది. వాళ్లు హామ్‌లు, సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఔత్సాహికులు. మాట్లాడటానికి మాత్రం పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచీ ఆ దారి చూపిస్తోంది.

ఏడెనిమిది మీటర్ల రాగి తీగ కొనండి. ఒక కొసని బట్టల క్లిప్పుతో రేడియో ఏరియల్‌కి బిగించి, రెండో కొసని పిట్టగోడ అవతలి చివరకి కట్టండి. కరెంటు తీగలకి దూరంగా ఉండాలి, ఉరుములొస్తే వెంటనే విప్పేయాలి. ఛార్జరు పీకేసి బ్యాటరీ మీదే వినండి. ఇంతకు మించిన ఖర్చు మొదటి ఏడాది పెట్టొద్దని నా సలహా.

పగలు పెద్ద మెగాహెర్ట్జ్‌లు, రాత్రి చిన్నవి. పగటిపూట కింది పొర ఒకటి చిన్న ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది గనక మధ్యాహ్నం 15, 17 చుట్టూ వెతకాలి. పొద్దుగూకితే ఆ పొర మాయమవుతుంది, అప్పుడు 9, 7, 6లకి దిగాలి. మీటర్లలో కావాలంటే 300ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. స్టేషన్లు టైములు చెప్పేది ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీలో, దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో వేళలన్నీ మారిపోతాయి.

విన్నది రాసుకోండి. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, ఏం చెప్పారు, ఎంత బాగా వచ్చింది. అది స్టేషన్‌కి పంపితే విన్నమాట నిజమేనని క్యూఎస్ఎల్ కార్డు పంపిస్తారు. నా మొదటి కార్డు రొమేనియా నుంచి వచ్చింది. కవరు మీది స్టాంపు చూసి పోస్ట్‌మ్యాన్ “ఎవరు సార్ అక్కడ మీకు?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

బ్యాండ్లు ఖాళీ అవుతున్నాయి. 2012లో రేడియో నెదర్లాండ్స్ వెళ్లిపోయింది, 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా షార్ట్‌వేవ్ ఆపేసింది. తుపాను మర్నాడు నాకు మా ఊరి పేరు చెప్పిన బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31న ముగిసింది. ఆ సాయంత్రం చివరిదాకా విన్నాను. మర్నాడు అదే వేళకి అదే చోట గాలి తప్ప ఏమీ లేదు. ఇంటర్నెట్ ఉండగా ఇవెందుకని మూసినవాళ్ల వాదన. తీగ తెగినప్పుడు ఏం చెయ్యాలన్నది వాళ్లు మా డాబా మీదికొచ్చి ఆ మామ్మగారిని అడగాల్సింది. 2022 మార్చిలో ఉక్రెయిన్ కోసం అదే బీబీసీ మళ్లీ షార్ట్‌వేవ్ తెరిచింది, రోజుకి నాలుగు గంటలు. అంటార్కిటికాలో చిక్కటి చలికాలం గడిపే కొద్దిమంది కోసం ఏటా జూన్ 21న అరగంట పాటు ప్రత్యేకంగా ప్రసారం చేస్తుంది. ఇంట్లోవాళ్లు పంపిన పలకరింపులు అందులో చదువుతారు.

ఇవాళ సాయంత్రం ఏ ఏర్పాటూ లేకుండా ఒకటి ప్రయత్నించండి. ఏడు గంటలకి డాబా ఎక్కి, సరిగ్గా 10000 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి. టిక్, టిక్, టిక్. చైనాలో షాన్‌షీ రాష్ట్రం నుంచి బీపీఎం అనే కాలసూచిక కేంద్రం, పాటా మాటా లేకుండా క్షణాలు లెక్కపెడుతూ ఉంటుంది. మా డాబాకి మూడు వేల కిలోమీటర్ల పైమాటే. అరగంట నిండబోయే నిమిషంలో మోర్స్‌లో తన పేరు చెప్పుకుంటుంది. ఆ వెంటనే ఒక స్త్రీ గొంతు చైనా భాషలో రెండు ముక్కలు పలుకుతుంది. నిన్న ఏడున్నరకి ఆ గొంతు మధ్యలో వణికింది. పుస్తకంలో వేళ రాసి, పక్కన “వణుకు, ఎక్కువ” అని రాసుకున్నాను.