పాత ఫోర్డు కారునకు క్రొత్త గేరుపెట్టె

1927వ సంవత్సరాంతమున అమెరికాలో ఫోర్డు కంపెనీవారు విడుదలచేసిన మాడల్ ఏ కారును నేటికిని నడుపువారు కలరు. దాని యింజను 40 గుఱ్ఱముల బలము కలది. ముందునకు గేర్లు మూడే. గేరు మార్చునపుడు పండ్లచక్రముల వేగములు సరిపడుటకై క్లచ్చిని రెండుమార్లు త్రొక్కవలెను. తెలియనివాని చేతిలో పండ్లు గరగరలాడి యరిగిపోవును.

కావున కొందఱు, 1980 తరువాతి మస్టాంగు కార్లలో వాడిన టి-5 అను అయిదు గేర్ల పెట్టెను దీని కమర్చుచున్నారు. ఇందు ఆ వేగములను సరిచేయు సింక్రోమెష్ అను ఏర్పాటు లోపలనే యున్నది. అయిదవ గేరున ఇంజను నెమ్మదిగా తిరుగుచునే కారును వేగముగ నడపును.

అయితే ఈ పని మరలు విప్పి బిగించుటతో తీఱునది కాదు. మాడల్ ఏ కారులో వెనుక చక్రముల త్రోపు ఇరుసునుండి యొక ఇనుప గొట్టము వెంట గేరుపెట్టెకును, ఇంజనుకును, పిదప చట్రమునకును చేరును. ఆ గొట్టము బండికి నొగవంటిది. టి-5 పెట్టె ఈ త్రోపును మోయుటకు చేసినది కాదు. గొట్టమును తీసి మామూలు షాఫ్టు వేసినచో, ఇరుసును చట్రమునకు పట్టియుంచు కడ్డీలను వేఱుగ నమర్చవలెను. లేనిచో బండి కదలినపుడును, బ్రేకు వేసినపుడును ఇరుసు మెలిపడును. ఎడ్లెంత బలమైనవైనను నొగ లేని బండిని లాగగలవా?

బ్రేకులు సయితము కడ్డీలతో పనిచేయునవే. వాటిని చూచుకొనక వేగమును పెంచువానిని నేను మెచ్చను. ఎత్తు మిట్టలపై 40 గుఱ్ఱముల యింజను అయిదవ గేరున మూల్గును, నాల్గవదానికి దింపవలెను. తీసిన పాత పెట్టెను ఇనుపసామానులవానికి తూకమున కమ్మక, గ్రీజు పూసి భద్రపఱచినవారు కోరినపుడు పూర్వపు రూపమును తేగలరు. చట్రమును కోసినవారికి అది సులభము కాదు.