చాటువాడును వినువాడును: జావా ప్రోగ్రాములలో ఈవెంట్ బస్

పూర్వము గ్రామములో శిస్తు గడువు నిర్ణయమైనప్పుడు తలారి తప్పెట గొట్టి వీథివీథిని చాటెడివాడు. అతడు ఇంటింటి తలుపు తట్టి పేరుపేరున పిలువడు. భూమి గలవాడు విని కచేరికి పోవును. లేనివాడు తన పనిని తాను చూచుకొనును. ఊరికి క్రొత్తగా వచ్చినవానికొరకు తలారి తన మాటను మార్చుకొన నక్కర లేదు. ఈ పద్ధతియందలి సౌకర్యమును, అందలి అపాయమును కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు గూడ నెరుగుదురు. ఆ సంగతిని నేడు మనవి చేసెదను.

ప్రోగ్రామనగా కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసిన ఆజ్ఞాపత్రము. అట్టి ఆజ్ఞలను వ్రాయు భాషలలో జావా యొకటి. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు దీనిని 1995వ సంవత్సరమున వెలువరించిరి. బ్యాంకు పనులకును ఇతర వ్యాపారములకును నేటికిని ఇది విరివిగా వాడబడుచున్నది.

ఒక బ్యాంకు ప్రోగ్రామును ఊహింపుడు. పింఛను సొమ్ము ఖాతాలో పడినంతనే మూడు పనులు జరుగవలెను: లెక్కల చిట్టాలో జమ వ్రాయుట, ఖాతాదారుని ఫోనునకు సందేశము పంపుట, ఆనాటి జమల మొత్తమును తెరపై చూపుట. సొమ్ము పుచ్చుకొను భాగమే తక్కిన మూటిని పేరుపేరున పిలిచినచో, రేపు నాలుగవ పని చేర్చునప్పుడు దానిని విప్పి తిరిగి వ్రాయవలసి వచ్చును. ఇట్లు ఒకదానికొకటి ముడిపడిన ప్రోగ్రామును సవరించుట చిక్కుపడిన నూలును విడదీయుట వంటిది.

ఈ చిక్కును తప్పించుటకే ఈవెంట్ బస్ అను లైబ్రరీలు పుట్టినవి. లైబ్రరీ యనగా ఇచ్చట పుస్తకముల గది కాదు. ఒకరు వ్రాసియుంచగా పలువురు తమ ప్రోగ్రాములలో చేర్చుకొను సిద్ధమైన భాగము. గూగుల్ కంపెనీవారి గ్వావా అను జావా కూర్పులో 2011వ సంవత్సరమునుండి ఇట్టి బస్ ఒకటి కలదు. దాని పని మూడు మాటలలో నున్నది. వినగోరు భాగము ‘రిజిస్టర్’ అని తన్ను నమోదు చేసికొనును. చాటు భాగము ‘పోస్ట్’ అని వార్తను విడుచును. ఇక వినుట చాలుననుకొన్నది ‘అన్‌రిజిస్టర్’ అని తొలగిపోవును.

ఎవరి వార్త ఎవరికి చేరవలెనో బస్సున కెట్లు తెలియును? ప్రతి వార్తయు ఒక చీటీ వంటిది. చీటీలలో జమచీటీ, ఖర్చుచీటీ అని రకము లుండును. వినువాడు తన ఆజ్ఞపై ‘సబ్‌స్క్రయిబ్’ అను గుర్తు నుంచి, తనకు కావలసిన చీటీరకము నొక్కదానిని పేర్కొనును. బస్ ఆ రకమును చూచియే పంచిపెట్టును. చాటువానికి వినువాని పేరు తెలియదు. వినువానికి చాటువాని పేరు అక్కరలేదు.

సౌకర్య మింతవరకు. ఇక అపాయములను వినుడు.

మొదటిది: నమోదైనవాడు పేరు కొట్టివేయించుకొనకున్న, బస్ వానిని పట్టుకొనియే యుండును. జావాలో పనితీరిన వస్తువులను ఏరివేయు ఏర్పాటు గలదు గాని, బస్ పట్టియుంచినదానిని అది తాకజాలదు. కంప్యూటరు జ్ఞాపకస్థలము వృథాగా నిండును. అంతియే కాదు, క్రొత్తవాడు నమోదైనను పాతవాడును వినుచుండుటచే, ఒకే జమకు రెండు సందేశములు పోవచ్చును.

రెండవది: గ్వావా బస్సులో సాధారణముగా వినువారందరును తమ పని ముగించువరకు చాటువాడు ముందునకు సాగడు. సందేశము పంపుట ఆలస్యమైనచో సొమ్ము పుచ్చుకొనుటయు నిలిచిపోవును. దీనికై ‘అసింక్ ఈవెంట్ బస్’ అని పనిని వేరొకరి కప్పగించు ఏర్పాటు కలదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. వినువాడు తన పనిలో తప్పినచో ఆ తప్పు చాటువానికి చేరదు. దినచర్యలో నొక పంక్తిగా మాత్రము వ్రాయబడును. వినువా డొక్కడును లేకున్న, బస్ ఆ వార్తను ‘డెడ్ ఈవెంట్’ అను వేరొక చీటీలో చుట్టి తిరిగి చాటును. దానిని వినుట కెవరైన నుండిననే ఆ లోపము బయటపడును. తప్పెట మ్రోగినది, పని జరిగినదో లేదో తప్పెటకు తెలియదు.

కావున వివేకియగు ప్రోగ్రామరు పనులను రెండుగా విభజించును. చిట్టాలో జమ వ్రాయుట తప్పక జరిగితీరవలసినది. దానిని నేరుగా పేరుపెట్టి పిలిచి, జరిగినదని బదులు పొందవలెను. సందేశము పంపుట, మొత్తము చూపుట వంటివి ఒకవేళ తప్పినను సరిదిద్దుకొనదగినవి. వానిని మాత్రమే చాటింపునకు విడువవచ్చును. ఎవరు చాటిరో, ఎవరు వినిరో వెదకి పట్టుకొనుట పెద్ద ప్రోగ్రాములలో కష్టమగుచున్నదని గ్వావా కర్తలే యిప్పుడు తమ వివరణపత్రములలో వ్రాసి, క్రొత్త పనులకు ఈ బస్సును వాడవద్దని సలహా యిచ్చుచున్నారు. ఆ సలహా గమనింపదగినది.

పెద్దలకు దీనివలన గ్రహింపవలసిన దొకటి కలదు. ఇట్లమర్చిన ప్రోగ్రామునందు ఫోనునకు వచ్చు సందేశము చాటింపు. చిట్టాలోని జమ అసలు లెక్క. సందేశము రానంతమాత్రమున సొమ్ము పడలేదని దిగులుపడరాదు. వచ్చినంతమాత్రమున నిశ్చింతగా నుండనురాదు. బ్యాంకునకు పోయి పాసుపుస్తకమున జమ వేయించి చూచుకొనుటయే నిశ్చయమైన మార్గము.