గుర్రం చిక్కిపోతోందా? ఉలవలు పెంచే ముందు ఇవి చూడండి

పాడేరు, అరకు ఏజెన్సీలో రోడ్డు లేని కొండ గ్రామాలకు నేటికీ గుర్రమే ఆధారం. కాఫీ, మిరియాలు, పసుపు మూటలు సంతకు దించాలన్నా, బియ్యం, ఉప్పు పైకి చేర్చాలన్నా దాని వీపు మీదే. మైదాన ప్రాంతంలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పెంచి బతికే కుటుంబాలూ ఉన్నాయి. గుర్రం చిక్కితే ఆ ఇంటి ఆదాయానికే దెబ్బ.

నేను ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో ఒక రైతు పక్కటెముకలు తేలిన గుర్రాన్ని తీసుకొచ్చి ఏం పెట్టాలని అడిగాడు. ఉలవలు పెంచమని చెప్పాను. ఆయన ఉలవలు, మొక్కజొన్న నూక కలిపి రెండున్నర కిలోల దాకా పెంచి, రోజూ సాయంత్రం ఒక్కపూటే పెట్టాడు. మూడో వారానికి గుర్రం ముందు కాళ్లు నేల మీద మోపలేకపోయింది. పశువైద్యుడు వచ్చి నోరు తెరిచి చూస్తే దవడ పళ్ల అంచులు పదునుగా పెరిగి, బుగ్గ లోపల పుండ్లు పడి ఉన్నాయి. గడ్డి నమలలేకే అది చిక్కింది. మేము పెట్టిన దాణా దాని డెక్కలను చెడగొట్టింది. ఆ ఏడాది కాఫీ కోతల కాలమంతా ఆ గుర్రం పనికి రాలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు కారణం వెతకమని, ఆ తర్వాతే దాణా సంగతి చూద్దామని చెబుతున్నాను. నేను పశువైద్యుణ్ని కాను. మేత విషయం చెప్పగలను, రోగం ఏమిటో తేల్చాల్సింది పశువైద్యుడే.

గుర్రం కడుపు ఆవు కడుపు లాంటిది కాదు

ఆవు, గేదె నెమరు వేస్తాయి, గుర్రం వేయదు. దాని శరీరానికి జీర్ణాశయం చాలా చిన్నది. తిన్నది వాంతి చేసుకోవడం కూడా గుర్రానికి చేతకాదు. గడ్డిలోని పీచు వెనకనున్న పెద్దపేగులో సూక్ష్మజీవుల వల్ల పులిసి శక్తిగా మారుతుంది. ఒకేసారి ఎక్కువ గింజలు పెడితే అరగని పిండిపదార్థం పెద్దపేగుకు చేరి అక్కడ ఆమ్లం పెరుగుతుంది. దానివల్ల కడుపునొప్పి గానీ, ల్యామినైటిస్ అనే డెక్కల వాపు గానీ వస్తుంది. అందుకే గుర్రానికి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. రోజులో ఎక్కువ సేపు దాని ముందు గడ్డి ఉండాలి.

చిక్కడానికి కారణాలు

పళ్లు: నమిలిన గడ్డి ఉండలుగా కింద పడుతున్నా, తల ఒక పక్కకు వంచి నములుతున్నా, లద్దెలో పొడవాటి గడ్డి పోచలు, పగలని గింజలు కనిపిస్తున్నా పళ్ల సమస్య ఉందని అనుమానించాలి. పశువైద్యుడి చేత ఏడాదికి ఒకసారి పళ్లు చూపించి, పదును అంచులు రాయించాలి.

నట్టలు: లద్దె పరీక్ష చేయించి, గుర్రం బరువును బట్టి పశువైద్యుడు చెప్పిన మందే తాగించండి. మేకలకు, గొర్రెలకు తెచ్చిన మందు అంచనాగా పోయవద్దు.

సర్రా: వచ్చిపోయే జ్వరం, బాగా తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కింద, కాళ్లలో నీరు చేరడం దీని లక్షణాలు. జోరీగల ద్వారా వ్యాపిస్తుంది. రక్త పరీక్ష చేయించాలి. దాణా పెంచినంత మాత్రాన ఇది తగ్గదు.

గ్లాండర్స్: ముక్కు నుంచి జిగట చీమిడి, చర్మం మీద గడ్డలు, పుండ్లు ఉంటే గుర్రాన్ని వేరుగా కట్టి వెంటనే పశువైద్యశాలకు తెలియజేయండి. ఇది మనుషులకూ సోకే ప్రమాదకర వ్యాధి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

పని: పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి మోపరాదని 1965 నాటి జంతు హింస నివారణ నిబంధనలు చెబుతున్నాయి. చిక్కిన గుర్రానికి కోలుకునే వరకు అంతకంటే బాగా తగ్గించాలి, వీలైతే పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలి.

బరువు టేపుతో కొలవండి

కంటి అంచనా మోసం చేస్తుంది. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక వరకు పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 140, పొడవు 140 ఉంటే సుమారు 231 కిలోలు. 15 రోజులకోసారి, ఉదయం మేత పెట్టక ముందు కొలిచి రాసుకోండి.

పక్కటెముకలు కంటికి కనిపించకుండా చేతికి తగిలితే గుర్రం సరిగ్గా ఉన్నట్టు. దూరం నుంచే ఎముకలు లెక్కపెట్టగలిగితే, వెన్నుపూస, తోక మొదలు పొడుచుకొస్తే చిక్కినట్టు.

మొదట గడ్డి, తర్వాత దాణా

గుర్రానికి రోజుకు దాని బరువులో 2 నుంచి 2.5 శాతం ఎండు పదార్థం కావాలి. అందులో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. పచ్చిగడ్డిలో ముప్పావు వంతు నీరే కాబట్టి నాలుగు కిలోల పచ్చిగడ్డిని ఒక కిలో ఎండుగడ్డిగా లెక్కించండి.

వరిగడ్డి ఒక్కటే పెడితే గుర్రం కోలుకోదు. అందులో మాంసకృత్తులు తక్కువ. అదే ప్రధాన మేతైతే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. ఎండబెట్టిన గరిక లాంటి సన్న గడ్డి మంచిది. దానికి లూసర్న్ గానీ, మట్టి దులిపిన వేరుశనగ కట్టె గానీ కలపండి.

231 కిలోల గుర్రం మోస్తరు పని చేస్తూ బరువు పెరగడానికి రోజువారీ మేత సుమారుగా ఇలా ఉండాలి:

- ఎండుగడ్డి 3.5 కిలోలు
- లూసర్న్ ఎండు మేత లేదా వేరుశనగ కట్టె 1 కిలో
- నానబెట్టి ఉడికించిన ఉలవలు 400 గ్రాములు (ఉడకక ముందు తూకం)
- మొక్కజొన్న నూక 500 గ్రాములు
- తాజా తవుడు 500 గ్రాములు
- మేతకు వాడే సున్నపురాయి పొడి 25 గ్రాములు
- ఉప్పు 25 గ్రాములు, చెమట పట్టే పని రోజుల్లో 40 నుంచి 50 గ్రాములు

దాణాను మూడు పూటలుగా విడదీయండి. ఈ బరువు గుర్రానికి ఒక పూట దాణా 700 గ్రాములు దాటకూడదు. ముందు గడ్డి, ఆ తర్వాత దాణా పెట్టండి. పని ముగించి వచ్చిన వెంటనే దాణా వేయవద్దు, ఒక గంట ఆగండి. పనిలేని రోజు నూక సగానికి తగ్గించండి.

సున్నపురాయి పొడి ఎందుకంటే, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడు మీదే పెంచితే శరీరం ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. గినీ, పారా లాంటి గడ్డి ఎక్కువగా మేసే గుర్రాలకూ ఇదే ముప్పు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఈ గుర్రం విశ్రాంతిలో ఉంటేనే 12 లీటర్ల దాకా తాగుతుంది. ఎండలో పని చేస్తే రెండు మూడు రెట్లు కావాలి.

ఇంకా బరువు పెరగాలంటే నూనె

అదే బరువు గింజలతో పోలిస్తే నూనెలో రెండు రెట్లకు పైగా శక్తి ఉంటుంది, పిండిపదార్థం ఉండదు. అందుకే గింజలు పెంచే బదులు నూనె కలపడం క్షేమం. సోయా, తవుడు, వేరుశనగ నూనెల్లో ఏదైనా సరే, ముక్క వాసన లేనిది వాడండి. రోజుకు 30 మి.లీ.తో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో 150 మి.లీ. వరకు తీసుకెళ్లండి. రెండు మూడు పూటల దాణాలో కలిపి ఇవ్వండి. లద్దె పలచబడితే తగ్గించండి.

ఇవి పెట్టవద్దు

- కోళ్ల దాణా. ఇందులో కలిపే మోనెన్సిన్ వంటి మందులు కొద్ది మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతాయి. ఈ మందు కలిపిన పశువుల దాణా కూడా పెట్టవద్దు, సంచి మీద చీటీ చదవండి.
- బూజు పట్టిన మొక్కజొన్న. దాని విషం గుర్రం మెదడును దెబ్బతీస్తుంది.
- సుబాబుల్ ఆకు. జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి.
- పచ్చి జొన్న ప్రధాన మేతగా. మూత్రాశయం దెబ్బతిని, వెనక కాళ్లు తూలతాయి.
- ఆముదం గింజలు, వాటి చెక్క. ఇవి విషం.

ఎముకల గూడులా మారిన గుర్రానికి

చాలా కాలం తిండి లేక ఎముకలే మిగిలిన గుర్రానికి జాలిపడి ఒక్కసారిగా దాణా పెట్టవద్దు. రక్తంలోని లవణాలు ఒక్కసారిగా తగ్గి కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. మొదటి పది రోజులు గింజలు పూర్తిగా మానేసి, లూసర్న్ ఎండు మేతను రోజుకు ఆరుసార్లు గుప్పెడు గుప్పెడుగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ఇది పశువైద్యుడి పర్యవేక్షణలోనే చేయాలి.

ముసలి గుర్రాలకు పళ్లు అరిగిపోతే లూసర్న్‌ను సన్నగా తరిగి, తవుడుతో కలిపి నీళ్లలో నానబెట్టి మెత్తగా పెట్టండి.

ఎంతకాలం పడుతుంది?

ఏ మార్పైనా 10 నుంచి 14 రోజుల్లో క్రమంగా చేయండి. నెల తర్వాత టేపులో తేడా కనిపించాలి. ఒళ్లు పూర్తిగా నిండడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. నెల దాటినా కొలత పెరగకపోతే దాణా ఇంకా పెంచకండి, మళ్లీ పరీక్ష చేయించండి.

గుర్రం పొర్లుతున్నా, పదే పదే పొట్ట వైపు చూస్తున్నా, లద్దె వేయకపోయినా, డెక్కలు వేడిగా ఉండి అడుగు వేయలేకపోయినా దాణా ఆపేసి, వెంటనే దగ్గరి పశువైద్యశాలకు గానీ, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు గానీ ఫోన్ చేయండి. తెల్లవారే దాకా చూద్దామని ఆగవద్దు.

ఈ రోజు చేయాల్సిన పని ఒక్కటే. దాణా గంప పక్కన పెట్టి, గుర్రం గడ్డి ఎలా నములుతోందో పావుగంట నిలబడి చూడండి. ఆ తర్వాత లద్దె విప్పి చూడండి. అది ఎందుకు చిక్కుతోందో సగం సంగతి అక్కడే తెలుస్తుంది.