నీటి అడుగున ఊపిరి: రెగ్యులేటరు పనిచేసే విధానం

సికింద్రాబాదు నుండి హైదరాబాదుకు టాంక్‌బండ్ మీదుగా పోతూ హుస్సేన్‌సాగర్ వంక చూడని విద్యార్థి మనలో ఎవరూ ఉండరు. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనాకాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ నిర్మించిన ఈ తటాకం గరిష్ఠంగా 32 అడుగుల లోతు కలది. 1990 మార్చి 10వ తేదీన 300 టన్నులకు పైబడిన ఏకశిలా బుద్ధవిగ్రహం, పంటుపై తరలిస్తుండగా, ఈ నీటిలోనే మునిగిపోయింది. కొందరు శ్రామికులు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరు 1వ తేదీన గాని ఆ విగ్రహం పైకి రాలేదు. కంటికి ప్రశాంతంగా కనిపించే ఆ నీటి అడుగున మనిషి ఊపిరి పీల్చడం ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం మన భౌతికశాస్త్ర పాఠాలలోనే ఉన్నదని మేము ఈ వ్యాసంలో మనవి చేస్తున్నాము.

పొడవైన గొట్టం ఒకటి నోట పెట్టుకొని, దాని రెండవ కొన నీటిపైన ఉంచితే చాలునని పలువురు భావిస్తారు. ఇది ప్రమాదకరమైన భ్రమ. ఒక్క మీటరు లోతున నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువుతో అదనంగా నొక్కుతుంది. మన రొమ్ము ముందుభాగం 600 చదరపు సెంటీమీటర్లనుకుంటే మొత్తం 60 కిలోలు, అనగా ఒక మనిషి బరువు! గొట్టంలోని గాలి మాత్రం పైనున్న వాతావరణ పీడనంలోనే ఉంటుంది. రొమ్ముపై ఒక మనిషి కూర్చొని ఉండగా ఊపిరితిత్తులు విచ్చుకొనుట ఎట్లు సాధ్యం? కావున లోపలికి పోయే గాలి కూడా చుట్టూ ఉన్న నీటితో సమానమైన పీడనం కలిగి ఉండాలి. పది మీటర్ల లోతుకు సుమారు ఒక అట్మాస్ఫియరు చొప్పున ఆ పీడనం పెరుగుతూ పోతుంది.

ఇటువంటి పనిచేసే పరికరం మన వంటింట్లోనే ఉన్నది. గ్యాస్ సిలిండరుపై అమర్చే రెగ్యులేటరులో ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు, ఒక కవాటం ఉంటాయి. దాని మూతకున్న సన్నని రంధ్రం గుండా బయటి గాలి పొరను తాకుతుంది. ఆ గాలి పీడనాన్ని ప్రమాణంగా గ్రహించి, దానికంటె స్వల్పంగా ఎక్కువ పీడనంతో పొయ్యికి గ్యాస్ వెళ్లేటట్లు అది చూస్తుంది. నీట మునిగేవారి పరికరంలో ఆ రంధ్రం గుండా గాలికి బదులు నీరు పొరను తాకుతుంది. భేదమంతా అదే.

దీని చరిత్ర గనులతో మొదలైంది. 1860వ దశకంలో ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు బెన్వా రూకేరోల్ విషవాయువుల నడుమ పనిచేయుటకు ఒక శ్వాసయంత్రం రూపొందించగా, నౌకాదళ అధికారి ఓగుస్త్ దెనెరూజ్ సహాయంతో అది నీటి పనికి ఉపయోగపడింది. తరువాత 1943లో నావికుడు కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి, యుద్ధకాలంలో పెట్రోలు కొరత వలన గ్యాస్‌తో నడిచిన మోటారు కార్ల కవాటాన్ని సవరించి నేటి పరికరానికి మూలరూపం ఇచ్చారు.

నేటి రెగ్యులేటరు రెండు దశలలో పనిచేస్తుంది. సిలిండరులోని గాలి సుమారు 200 అట్మాస్ఫియర్ల పీడనంలో ఉంటుంది. మొదటి దశ దానిని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటె 9, 10 అట్మాస్ఫియర్లు మాత్రమే ఎక్కువగా ఉండేటట్లు తగ్గిస్తుంది. రెండవ దశ నోటి వద్ద ఉంటుంది. మనం ఊపిరి పీల్చగానే అందులోని పొర లోనికి వంగి, ఒక మీటను నొక్కి, కవాటాన్ని తెరుస్తుంది. పీల్చడం ఆపగానే కవాటం మూసుకుంటుంది. విడిచిన గాలి వేరొక కవాటం గుండా బుడగలై పైకి పోతుంది. ఈ యంత్రానికి లోతు లెక్క తెలియదు. తనను తాకిన నీరే దానికి కొలబద్ద.

ఇక సిలిండరు ఖాళీ అవుతున్న కొద్దీ ఏమగును? సాధారణ ముషలక రకంలో సిలిండరు గాలి కవాటాన్ని ఒకవైపు నుండి తెరిచే దిశలో నెడుతుంది. పీడనం తరిగిన మేరకు ఆ తోపు కూడా తరిగి, ఊపిరి పీల్చడం బరువవుతుంది. సమతుల రకంలో ఆ గాలి కవాటాన్ని ఎదురెదురు దిశలలో సమానంగా నొక్కేటట్లు అమర్చారు. గాలివానలో తలుపును ఒకవైపే గాలి తోస్తే దానిని కదపడం కష్టం, రెండు వైపులా సమానంగా తోస్తే చిన్నపిల్లవాడైనా కదుపగలడు. అయితే ఈ సుఖానికి ఒక వెల ఉన్నది: ఊపిరి బరువెక్కి ముందుగా హెచ్చరించదు. కావున పీడనమాపకాన్ని తరచుగా చూచుకొనక తప్పదు.

12 లీటర్ల సిలిండరులో 200 అట్మాస్ఫియర్ల వద్ద 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవానికి అది నీటిపైన 120 నిమిషాలు, 10 మీటర్ల లోతున 60 నిమిషాలు, 30 మీటర్ల లోతున కేవలం 30 నిమిషాలు వస్తుంది. అందులోనూ కొంత తిరుగు ప్రయాణానికి నిలువ ఉంచుకొనవలె.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇది. పది మీటర్ల లోతున నాలుగు లీటర్ల గాలి పీల్చినవాడు ఊపిరి బిగబట్టి పైకి వస్తే, బాయిల్ నియమం ప్రకారం అది ఎనిమిది లీటర్లు కాజూస్తుంది. ఊపిరితిత్తులు చిరిగి ప్రాణం పోవచ్చు. తెలుగులో ‘దమ్ము’ అన్నా, ఉర్దూలో ‘దమ్’ అన్నా ఊపిరే, ధైర్యమూ అదే. కాని నీటిలో దమ్ము బిగబట్టడం ధైర్యం కాదు, నెమ్మదిగా విడుస్తూ, నెమ్మదిగా పైకి రావడమే వివేకం.

విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన ‘నిస్తార్’ అనే గజఈతగాళ్ల సహాయకనౌక 2025 జూలై 18న మన నౌకాదళంలో చేరింది. మన విద్యార్థులలో కొందరైనా రేపు అటువంటి నౌకలపై నిలువవచ్చు. అయితే శిక్షణ లేక, గురువు లేక ఏ చెరువులోనూ ఈ సాహసానికి పూనుకొనవద్దని సోదర విద్యార్థులకు మా విన్నపం. మునుగుతున్నవానిని చూచి, ఈత రాకుండా దుమికి తానూ మునిగినవారి కథలు మన పట్టణంలో కొత్త కాదు. పరీక్ష కోసం చదివిన బాయిల్ నియమం ఒకనాడు ఒక ప్రాణాన్ని నిలిపితే ఆ చదువు సార్థకమైనట్లే.