డీఎస్‌సీ టోకెన్ పెట్టినా పని కావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నెలలో 20వ తేదీ దగ్గరపడిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ట్యాక్స్ కన్సల్టెంట్లకు ఊపిరాడదు. జీఎస్టీఆర్-3బీకి అదే గడువు. మరమగ్గాల బట్ట అమ్మే కంపెనీ అయినా, రైస్ మిల్లు నడిపే ఎల్‌ఎల్‌పీ అయినా పెన్‌డ్రైవ్ లాంటి డీఎస్‌సీ టోకెన్‌తోనే సంతకం పెట్టాలి. లేటైతే, నిల్ రిటర్న్ కాని వాటికి రోజుకు 50 రూపాయలు ఫైన్.

ఆ టైంలో ఎర్రర్ వస్తే టోకెన్ పీకి మళ్లీ పెడతాం, డ్రైవర్ మళ్లీ వేస్తాం. చాలాసార్లు పాపం టోకెన్ తప్పేం ఉండదు.

జీఎస్టీ సైట్ మీ టోకెన్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్‌లా నడుస్తుంది. దాని సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మకపోతే చప్పుడు లేకుండా బ్లాక్ చేస్తుంది. మీకు కనిపించేది మాత్రం 'సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు' అన్న మెసేజ్. అప్పుడు ఎమ్‌సైనర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసి, బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 ఓపెన్ చేయండి. వార్నింగ్ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లండి. ఆ అడ్రస్ మీ సొంత కంప్యూటరే కాబట్టి ఇక్కడ భయం లేదు. వేరే ఏ సైట్‌లోనూ ఈ పని చేయకండి.

అసలు క్లయింట్ సర్టిఫికెట్ లాగిన్ వేరే. అక్కడ పేజీ తెరుచుకోకముందే సర్వర్ 'నీ సర్టిఫికెట్ చూపించు' అంటుంది. నాచుపల్లి జేఎన్టీయూలోనో, మరెక్కడో ఇలాంటి ప్రాజెక్ట్ చేస్తున్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవండి.

సర్టిఫికెట్ ఎంచుకునే పాపప్ అసలు రాలేదా? తాను ఏ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లు ఒప్పుకుంటుందో సర్వర్ ఒక లిస్ట్ పంపుతుంది. మీది ఆ లిస్ట్‌లో లేకపోతే బ్రౌజర్ దాన్ని చూపించదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్-క్లయింట్ కమాండ్‌తో ఆ లిస్ట్ చూడొచ్చు. ఇంతకుముందు పాపప్‌లో క్యాన్సిల్ కొట్టి ఉన్నా క్రోమ్ దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవండి.

పాపప్ వచ్చి, పిన్ కొట్టాక 400 ఎర్రర్ వస్తే గడువు తేదీ, కంప్యూటర్ గడియారం చూడండి. రెండూ సరిగ్గా ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగ్ మీద అనుమానపడాలి. అందులో వెరిఫై డెప్త్ డిఫాల్ట్‌గా 1. మన డీఎస్‌సీలకు పైన సీసీఏ ఇండియా రూట్, దాని కింద లైసెన్స్ ఉన్న సంస్థ, చాలావాటికి ఆ కింద సబ్ సీఏ కూడా ఉంటాయి. మధ్యలో రెండు మెట్లుంటే 1 చాలదు. లాగ్ లెవెల్‌ను ఇన్ఫోకి మార్చితే 'చైన్ టూ లాంగ్' అని అదే చెప్తుంది. డెప్త్ 3 పెట్టేయండి.

ఇక పేజీ తెరుచుకుని ఏపీఐ కాల్స్ మాత్రమే ఫెయిలవుతుంటే? అన్నిట్లో బాగా సతాయించేది ఇదే. ఫ్రంటెండ్ ఒక డొమైన్‌లో, ఏపీఐ ఇంకో డొమైన్‌లో ఉంటే బ్రౌజర్ చాలా కాల్స్‌కు ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపుతుంది. రూల్ ప్రకారం దాంతో సర్టిఫికెట్ వెళ్లదు. ఫైర్‌ఫాక్స్ ఈ రూల్ గట్టిగా పాటిస్తుంది, అందుకే క్రోమ్‌లో నడిచింది కూడా అందులో ఆగిపోవచ్చు. సర్వర్‌లో క్లయింట్ వెరిఫికేషన్‌ను ఆప్షనల్ చేయండి. ఆప్షన్స్‌ను వదిలేసి, మిగతా ప్రతి రిక్వెస్ట్‌కూ వెరిఫై సక్సెస్ అయిందో లేదో మీరే చెక్ చేయండి. ఆ చెక్ మర్చిపోతే సర్టిఫికెట్ లేనివాళ్లు కూడా లోపలికి వచ్చేస్తారు. ఫ్రంటెండ్ ఫెచ్ కాల్‌లో క్రెడెన్షియల్స్‌కు ఇన్‌క్లూడ్ ఇవ్వండి, లేకపోతే అసలు రిక్వెస్ట్‌తో కూడా సర్టిఫికెట్ వెళ్లదు.